రాయి మీద ఐదో పేరు

గణపతిరావు చెరకు తోటలో బోర్లా పడి ఉన్న నల్లరాయిని తిరగేసి అప్పటికి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ ఎవాంజలిన్ తన ఇంటి ముందుగదిలో అడుగు పెట్టలేదు. అక్కడ గోడ మీద ముత్తాత ఫోటో ఉంది.

ఎవాంజలిన్ చోడవరంలో పీఈటీ టీచరు. ఆడపిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించే మేడంగా చుట్టుపక్కల మండలాల్లో కూడా పేరుంది. ఏడాదిగా ఖాళీ దొరికినప్పుడల్లా ఆమెది ఒకే పని. నూట పన్నెండేళ్ళ కిందట ఈ ఊరి శివార్లో తెల్లవాళ్ళు నడిపిన చిన్న మిలటరీ అకాడమీ, అందులో చదివిన కుర్రాళ్ళ ఫుట్‌బాల్ టీము, ఆ టీము ఆడిన ఒకే ఒక్క సీజను. ఆ కథంతా పోగుచేస్తోంది. టీముకి గోల్‌కీపర్ ఏసురత్నం. ఆమె ముత్తాత. సీజనంతటికీ ఒక్కటంటే ఒక్క గోలు వదిలిన మనిషి. ఊళ్ళో కొత్తగా చదును చేసిన ఆటస్థలానికి ఆయన పేరే పెడుతున్నారు. ఆదివారం ప్రారంభం. ఆ సభలో మాట్లాడవలసింది ఎవాంజలినే.

ఇంతలో వడ్డాది రోడ్డు పక్కన చెరకు నరుకుతుంటే రాయి బయటపడింది. దాని మీద ఇంగ్లీషులో పదకొండు పేర్లు చెక్కి ఉన్నాయి. అకాడమీ ఫుట్‌బాల్ టీము, 1913 ఫిబ్రవరి నెలలో జ్వరంతో మరణించి ఇక్కడ పాతిపెట్టబడ్డారు, అని రాసి ఉంది. ఐదో పేరు ఏసురత్నం, గోల్‌కీపర్.

ఏసురత్నం పోయింది 1968లో. నలుగురు పిల్లలు, పదిహేనుమంది మనవలు ఉండగా పోయాడు. ముందుగది ఫోటోలో కోటు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని కూర్చున్నది ఆయనే.

గురువారం మధ్యాహ్నం బడికి సెలవు పెట్టి ఎవాంజలిన్ స్కూటీ మీద రోలుగుంట బయల్దేరింది. అక్కడ జాబేజ్ తాత ఉన్నాడు. ఏసురత్నానికి కడగొట్టు కొడుకు, ఎవాంజలిన్ తాతగారికి తమ్ముడు. హెడ్‌మాస్టరుగా రిటైరై, తొంభై ఒకటో ఏట కూతురు స్వర్ణకుమారి ఇంట్లో ఉంటున్నాడు. ఏసురత్నం పిల్లల్లో ఇక మిగిలింది ఈయనొక్కడే.

వీధి తలుపు వేసి ఉంది. ఎంత కొట్టినా ఎవరూ పలకలేదు. కిటికీ దగ్గరకెళ్ళి, "అత్తా, నేనే, ఎవాంజలిన్‌ని" అని మొహం చూపించాక గాని స్వర్ణకుమారి గడియ తియ్యలేదు.

"ఏటత్తా, పట్టపగలు గడేసుకున్నారు?"

"నాన్నేనే." స్వర్ణకుమారి గొంతు తగ్గించింది. "ఆ రాయి ఫోటో మన గ్రూపులో పెట్టేవు గదా. నేనే ఫోను తీసుకెళ్ళి సూపించేను. అప్పట్నుంచి ఇదే వరస. బయట్నుంచి ఎవరు పిలిచినా పలకొద్దంటన్నాడు. మనిషిని కళ్ళతో సూసేకే పలకాలట."

జాబేజ్ నడవలో వాలుకుర్చీలో ఉన్నాడు. కుర్చీ తలుపుకి ఎదురుగా తిప్పి ఉంది. మోకాళ్ళ మీద బైబిలు ఉంది గాని తెరిచి లేదు. ఎవాంజలిన్ వందనాలు చెప్పి, ముక్కాలిపీట లాక్కుని దగ్గరగా కూర్చుంది. ఆయన చాలాసేపు ఆమె చేతుల వంక చూశాడు.

"ఆదివారం మీటింగు మానుకో అమ్మలూ," అన్నాడు చివరికి.

"ఎందుకు మానుకోవాలో చెప్పు తాతా. మానుకుంటాను."

"రాయి చెక్కినోడు తప్పు చెక్కేడు. అంతే."

"పేరొక్కటీ తప్పు చెక్కేడంటే నమ్ముతాను. మరియమ్మ కొడుకు, చోడవరం అని కూడా ఉంది దాని మీద. అదీ తప్పేనేటి?"

 స్వర్ణకుమారి మజ్జిగ గ్లాసులు తెచ్చి, అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడింది. తండ్రి దాచిన సంగతేదో ఉందని ఆమెకీ ఈ మూడు రోజుల్లోనే తెలిసింది.

"నేను ఏడాదిపాటు ఊరూరా తిరిగేను తాతా," అంది ఎవాంజలిన్. "పాత కాయితాలు, అకాడమీ నడిపిన లోగన్ దొర రాసిన మ్యాచ్ రిపోర్టులు, అన్నీ పట్టుకొచ్చేను. నా దగ్గర ఆడే గుంటలకి మా ముత్తాత ఇలగ బంతి పట్టీవోరు అని చెప్పుకుంటన్నాను. ఇప్పుడు ఆ రాయి చూసిన ప్రతీవోళ్ళూ నన్ను అడుగుతున్నారు. నేనేం చెప్పను?"

ఆయన బైబిలు తీసి పక్కన బల్ల మీద పెట్టాడు.

"మా నాన్న ఏసురత్నం కాదు."

 స్వర్ణకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆయన ఆగకుండా చెప్పాడు. యాభై ఏడేళ్ళు ఎవరికీ చెప్పని మాట అది. తండ్రి పోవడానికి వారం ముందు, మంచం పక్కన కూర్చోబెట్టుకుని ఆయనకు ఒక్కడికే చెప్పాడట.

1912 నవంబరులో మొదలైంది ఆ సీజను. అనకాపల్లి టీము మీద మూడు గోల్స్. విజయనగరం నుంచి వచ్చిన టీము మీద ఒకటి. విశాఖపట్నంలో రైల్వేవాళ్ళ మీద రెండు. ఐదు ఆటలు ఆడితే ఐదూ గెలిచారు. కాళ్ళకు బూట్లు లేవు. లోగన్ దొర తెప్పించినా వాళ్ళు వేసుకోలేదు. ఐదు ఆటల్లోనూ ఏసురత్నం దాటి బంతి పోలేదు. అతనికి ముందు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడేవాడు అప్పలస్వామి. కె.కోటపాడు వైపు పల్లెటూరి కుర్రాడు. మారుతండ్రి కొట్టే దెబ్బలు తట్టుకోలేక ఇల్లు వదిలి అకాడమీలో చేరాడు. ఇద్దరివీ పక్కపక్క మంచాలు. సెలవులొస్తే అప్పలస్వామి తన ఊరు పోకుండా, అకాడమీలోనే ఒంటరిగా ఉండిపోయేవాడు.

ఆరో ఆట నర్సీపట్నంలో, పోలీసు టీముతో. బళ్ళు కట్టుకుని వెళ్ళారు. ఆట అయిపోవస్తోందనగా ఏసురత్నం ఉన్నట్టుండి వెనక్కి తిరిగాడు. బంతి అతని పక్కనుంచే దొర్లుకుంటూ లోపలికి పోయింది.

"ఏమైందిరా అని మా నాన్న అడిగేడట," అన్నాడు జాబేజ్. నాన్న అని ఆయన అంటున్నది ఆ లెఫ్ట్ బ్యాక్‌నే. "వెనక నుంచి ఎవరో పిలిచేరు, అన్నాట్ట. ఎనక ఎవరూ లేరు. పొలం, ఆ తర్వాత కొండ. పిలిస్తే పలికేవా అని అడిగితే, పలికేను, అన్నాడు. ఆ తర్వాత దార్లో ఒక్కొక్కరే చెప్పేరట. మమ్మల్నీ పిలిచేరు, మేమూ పలికేం అని. మా నాన్నకొక్కడికే ఏ పిలుపూ వినపళ్ళేదు. ఊరు చేరేసరికి పలికినోళ్ళందరికీ జొరం. తొమ్మిది రోజులు."

ఏసురత్నం ఏడో రోజున పోయాడు. పోయేముందు అప్పలస్వామి చెయ్యి పట్టుకుని అడిగింది ఒకటే. మా అమ్మకి నువ్వెళ్ళి చెప్పు. ఇంకెవరూ చెప్పొద్దు.

అప్పలస్వామి వెళ్ళాడు. మరియమ్మ విధవరాలు. రెండు కళ్ళకూ శుక్లాలు. గుమ్మంలో అడుగుల చప్పుడు విని, "ఎవరది, ఏసురత్నమా?" అని అడిగింది. చెప్పవలసిన మాట చెప్పలేకపోయాడు. అవునమ్మా, అన్నాడు.

"ఆవిడ నమ్మేసిందా?" అంది ఎవాంజలిన్.

"కాళ్ళకి నీళ్ళిచ్చింది. అన్నం పెట్టడానికి చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది. ఆ చెయ్యి వదల్లేదట. వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది. ఏసురత్నం గోలీ గదా, బంతులు పట్టీవోడు. వాడి వేళ్ళన్నీ వంకర్లు తిరిగిపోయి, గోళ్ళు చితికిపోయి ఉండీవి. మా నాన్న చేతులు బాగుండీవి. ఆవిడ గుడ్డిది గాని, కన్నతల్లి కదే."

"మరి ఏమంది?"

జాబేజ్ కళ్ళు తలుపు మీదకు వెళ్ళి వచ్చాయి.

"నువ్వుండు బాబూ, అంది. ఆడు వచ్చినరోజు మాత్రం నువ్వు లెగిసిపోవాలి, అంది."

జాబేజ్ మజ్జిగ ఒక గుక్క తాగి మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఇరవయ్యెనిమిదేళ్ళు ఆ మాట మీదే కాపరం చేసేడు. పెళ్ళి చేసింది ఆవిడే. మాకు పేర్లు పెట్టింది ఆవిడే. ఆవిడ పోయేనాటికి నాకు ఏడేళ్ళు. నేను కళ్ళారా చూసేను అమ్మలూ. పూటపూటా రెండు కంచాలు పెట్టీది. ఒకటి మా నాన్నకి. రెండోదాని ముందు ఎవరూ కూర్చోరు. అయినా ఖాళీ అయిపోయీది. అది ఎవరికి అని నేనడిగితే మా అమ్మ నా నోరు మూసీది. పిల్లి తినీసిందనీవోరు. మా ఇంట్లో ఎప్పుడూ పిల్లి లేదు."

"నాన్నా, ఇక చాలు," అంది స్వర్ణకుమారి.

"చాలదు. అదడిగింది. చెప్పనీ." ఆయన గొంతు వణకడం లేదు. పాఠం చెప్పినట్టే చెప్పాడు. "మా నాన్న జీవితంలో తలుపుకి వీపు పెట్టి కూర్చోలేదు. బంతి ముట్టుకోలేదు. మేం ఆడతంటే చూడ్డానికి కూడా వచ్చీవాడు కాదు. చివర్న ఆర్నెల్లు మంచం పట్టేడు. పక్కకి తిప్పాలంటే ఇద్దరు పట్టాలి. ఆ రోజు మధ్యాహ్నం, ఇదిగో ఇలగే, ఎండ బాగా ఉంది. నేను పక్కనే ఉన్నాను. తలుపు కేసి సూసేడు. వచ్చేడు, అన్నాడు. నాను లెగాలి, అన్నాడు. లేచేడు. ఎవరి సాయం లేకుండా లేచి, నడిచి, గుమ్మం దాకా వెళ్ళి పక్కకి జరిగేడు. ఎవరికో దారి ఇచ్చినట్టు. అప్పుడు పడిపోయేడు."

ఎవాంజలిన్‌కి తెలియకుండానే ఆమె కూడా తలుపు వైపు చూసింది. గడియ వేసే ఉంది.

"మూడు రోజుల్నుంచి నా భయం ఏటంటే," అన్నాడు జాబేజ్, "ఆయన లెగిసి వెళ్ళిపోయేడు. మనం ఇంకా కూర్చునే ఉన్నాం. ఆ పేరు మీద, ఆ ఇంటి పేరు మీద. నువ్వు ఆదివారం మైకు పట్టుకుని ఆ పేరు పదిసార్లు పిలుస్తావు. పిలిస్తే ఏమవుద్దో నాకు తెలీదు."

ఎవాంజలిన్ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. వచ్చేటప్పుడు ఆమెలో కోపం ఉంది. అబద్ధం ఏదైనా దొరికితే నిలదీయాలని వచ్చింది. ఇప్పుడు ఆమెకు కళ్ళ ముందు కనిపిస్తున్నది పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. చావు కబురు చెప్పడానికి వచ్చి, చెప్పలేక, ఒక గుడ్డితల్లి ముందు తన పేరే వదిలేసుకున్న కుర్రాడు. ఆ తల్లి ఏ రోజు లెమ్మంటుందో తెలియకుండా అన్నేళ్ళు ఆమెకు కొడుకై బతికిన మనిషి.

"తాతా, ఆయన దొంగ కాదు," అంది. "పేరు దొంగిలించలేదు. మోసేడు. ఆదివారం నేను రెండు పేర్లూ చెప్తాను. ఏసురత్నం ఆ రాయి కిందే ఉన్నాడని చెప్తాను. మా ముత్తాత అప్పలస్వామి అని చెప్తాను."

 జాబేజ్ పెదాలు కదిలాయి. కన్నతండ్రి అసలు పేరు ఆయన నోటితో అనడానికి కొంతసేపు పట్టింది.

"అప్పలస్వామి," అన్నాడు. "అప్పలస్వామి కొడుకుని నేను." తర్వాత ముసలాయన ఏడ్చాడు. స్వర్ణకుమారి వచ్చి తండ్రి తల కడుపుకి ఆనించుకుంది.

వెళ్ళడానికి లేచాక ఎవాంజలిన్‌కి ఒక్క సందేహం మిగిలింది. అడగకుండా ఉండలేకపోయింది.

"రాయి మీద తొమ్మిదో పేరు అప్పలస్వామిదే తాతా. ఆయన బతికుంటే ఆ పేరెందుకు చెక్కేరు?"

"పారిపోయేడు కదా. దొర లెక్కలో చచ్చినోడే."

"పదకొండుమందినీ ఇక్కడే పాతిపెట్టేం అని రాసుంది."

 జాబేజ్ కూతురి వైపు చూసి, ఎవాంజలిన్‌ని సాగనంపి తలుపు గడియ వెయ్యమన్నాడు.

*

చోడవరం వెళ్ళే దారిలోనే వడ్డాది రోడ్డుకి తిప్పింది స్కూటీని. గణపతిరావు నుంచి అప్పటికే మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నాలుగు గంటలవుతోంది. ఎండ పసుపురంగులోకి తిరుగుతోంది. నరికిన మేర తోట బోసిగా ఉంది. దాని చుట్టూ మూడు వైపులా నిలువెత్తు చెరకు గోడలా నిలబడి ఉంది. కూలీలు ఒక్కరూ లేరు.

గణపతిరావు గట్టు మీదే నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళ రైతు. మాట తక్కువ మనిషి.

"కూలోళ్ళు ఎల్లిపోనారు మేడం," అన్నాడు. "రామంటన్నారు. సూడండి ఇలగ."

రాయి చుట్టూ నరికిన చెరకు మోళ్ళు ఉండాలి. లేవు. ఫుట్‌బాల్ గ్రౌండులో సగమంత మేర మోళ్ళన్నీ నేలకు అణిగిపోయి ఉన్నాయి. మట్టి గట్టిపడి, నున్నగా ఉంది.

"ట్రాక్టరు దింపేవా?"

"ట్రాక్టరైతే టైరు అచ్చులుండవా? గొడ్లైతే గిట్టలుండవా? నిన్న సాయంత్రం ఇలగ లేదు. తెల్లారి వచ్చి సూస్తే ఇలగుంది." అతను గొంతు సవరించుకున్నాడు. "ఫోను సేసింది దీనికి కాదండి. మీకోసం ఒకామె వచ్చింది."

రాయి అవతల, చెరకు నీడలో, ఊళ్ళలో తిరిగే ఏఎన్ఎమ్ నర్సుల కోటు వేసుకున్న ముప్పయ్యేళ్ళ మనిషి కూర్చుని ఉంది. వీళ్ళను చూసి లేచి వచ్చింది.

"నమస్తే మేడం. నా పేరు కనకదుర్గండి. కె.కోటపాడు సైడు డ్యూటీ. ఈ రాయి ఫోటో మా ఆశా వర్కర్ల గ్రూపులో తిరుగుతోంది. తొమ్మిదో పేరు మా ముత్తాతదండి. అప్పలస్వామి."

 గంట కిందట తెలిసిన ముత్తాతకు అప్పుడే రక్తసంబంధం ఎదురుగా వచ్చి నిలబడింది. మనం చుట్టాలం అని ఎవాంజలిన్ ఆమె చెయ్యి పట్టుకోబోయింది.

"ఇల్లు వదిలి పారిపోయేరు గదా ఆయన," అంది.

"అవునండి. మారుతండ్రి కొట్టేడని. మళ్ళీ వచ్చేసేరు కదండి. పదమూడో సంవత్సరం మార్చిలో. ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డారట. పెళ్ళి చేసుకున్నారు, ముగ్గురు పిల్లలు. ఏభై తొమ్మిదిలో పోయేరు. మా కళ్ళం వెనకే సమాధండి. మీరొస్తే చూపిస్తాను."

చాచిన చెయ్యి ఎవాంజలిన్ అలాగే ఉంచేసింది. అప్పలస్వామి కె.కోటపాడులో ఉన్నాడు. అదే అప్పలస్వామి చోడవరంలో మరియమ్మ పెట్టిన అన్నం తింటూ ఉన్నాడు. ఇద్దరూ ఉన్నారు. ఇద్దరిదీ ఒకటే పేరు. ఆ పేరు ఈ రాయి మీదా ఉంది.

"మీరు చెప్పేది ఖచ్చితమేనా?"

"నేనూ మొదట పొరపాటేమో అనుకున్నానండి. మిగతా పేర్ల ఇంటిపేర్లు పట్టుకుని వెతికేను. మా పనే ఇంటింటికీ తిరగడం గదా. నాలుగిళ్ళు దొరికేయి ఇప్పటికి. నాలుగిళ్ళలోనూ అదే మాట. ఆ ఏడాది మార్చిలో మా వాడు ఇంటికొచ్చేడు అని."

"మరి ఈ కింద ఎవులున్నట్టు?" అన్నాడు గణపతిరావు. అడిగాక రాయికి రెండడుగులు ఎడంగా జరిగాడు.

కనకదుర్గ రాయి మీదకు వంగి, వేలితో చూపించింది. వేలు రాతికి తగలనివ్వలేదు.

"ఏడో పేరు చూడండి మేడం. నారాయుడు. ఆ ఇల్లు నా పరిధిలోదే. నిన్న వెళ్ళి బీపీ చూసేను."

"ఎవరికి?"

"నారాయుడు గారికి."

చెరకాకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. గాలి మాత్రం లేదు.

"ఆ పేరు పెట్టుకున్న మనవడయి ఉంటాడు," అంది ఎవాంజలిన్.

"నేనూ అదే అడిగేనండి. కాదన్నారు. మా రికార్డులో వయసు తొంభై అని ఉంది. నాకు ముందున్న ఏఎన్ఎమ్ తొంభై అనే రాసింది. ఆవిడకి ముందున్నావిడ రిజిస్టరు తీసి చూసేను. అందులోనూ తొంభయ్యే." కనకదుర్గ కోటు జేబులో చేతులు పెట్టుకుంది.  "ఫోన్లో ఈ రాయి ఫోటో చూపించేను. చాలాసేపు చూసేరు. గోలీ ఇంటి పిల్ల ఎవరైనా ఉందా అని అడిగేరు. ఉందన్నాను. దాన్ని తీసుకురా, అన్నారు. ఆ గోతులు తవ్వింది నానే, అందులో ఎవుల్ని పెట్టేమో ఆ పిల్లకే సెప్తాను, అన్నారు."

ఎవాంజలిన్ గట్టు వైపు తిరిగింది. స్కూటీ తాళం గుప్పిట్లో గుచ్చుకుంటోంది. ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది.

"ఎంత దూరం?" అంది.

"అరగంటండి. చీకటి పడకముందే వెళ్ళిపోవచ్చు."

"పదండి అయితే. మీ బండి ముందు నడపండి."